మొక్కలు మిగిలాయి, వంశం మిగల్లేదు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో కొన్ని దశాబ్దాల కిందట ఒక అరుదైన పూలజాతికి విచిత్రమైన పరిస్థితి వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద మిగిలిన కొద్దిపాటి మొక్కలు ఆరోగ్యంగానే ఉండేవి. వసంతం రాగానే పసుపుపచ్చగా విరబూసేవి. చిన్నజాతి తేనెటీగలు వచ్చి వాలేవి, పుప్పొడి ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు చేరేది. గింజ మాత్రం కట్టేది కాదు. ఒక ఏడాదో రెండేళ్లో కాదు, 15 ఏళ్లకు పైగా ఇదే తంతు. అధికారుల లెక్కల్లో ఆ జాతి సజీవంగానే ఉంది. ప్రకృతి లెక్కలో అది అప్పటికే అంతరించింది.

ఆ పువ్వు పేరు లేక్‌సైడ్ డైజీ. శాస్త్రజ్ఞులు టెట్రాన్యూరిస్ హెర్బేసియా అంటారు. మన పొద్దుతిరుగుడు, చామంతి పుట్టిన కుటుంబమే దానిదీ. నేలకు అంటుకుని మందంగా, తక్కువ వెడల్పుతో ఉండే ఆకుల గుబురు, దాని నడుమ నుంచి ఆకు అన్నదే లేని కాడ, కాడకు ఒకే ఒక్క పువ్వు. ఉత్తర అమెరికా మహాసరస్సుల చుట్టుపక్కల తప్ప భూమ్మీద ఇంకెక్కడా సహజంగా పెరగదు. అక్కడైనా అన్ని చోట్లా లేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో హ్యూరన్ సరస్సును ఆనుకుని ఉన్న మానిటూలిన్ దీవి, బ్రూస్ ద్వీపకల్పం దాని ప్రధాన స్థావరాలు. ప్రపంచంలోని లేక్‌సైడ్ డైజీల్లో అత్యధిక భాగం అక్కడే ఉంది. అమెరికా వైపు ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున మార్బుల్‌హెడ్ ద్వీపకల్పం, మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో ఒక చిన్న తావు. ఇల్లినాయ్‌లో తుడిచిపెట్టుకుపోయాక మళ్లీ నాటారు.

ఇంత చిన్న పువ్వు గురించి ఇంత దూరాన ఉన్న మనం పట్టించుకోవడానికి కారణం ఉంది. అరుదైన జాతుల విషయంలో ప్రభుత్వాలు, చట్టాలు, పర్యావరణ నివేదికలు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని ఉన్నాయి?' అనే. చాలాసార్లు చివరి ప్రశ్న కూడా అదే. ఆ ప్రశ్న ఒక్కటే సరిపోదని లేక్‌సైడ్ డైజీ చరిత్ర నాలుగు దశాబ్దాలుగా నిరూపిస్తోంది.

రాతి పలక మీద బతుకు

లేక్‌సైడ్ డైజీ నివాసం చూస్తే ఇక్కడ ఏదైనా ఎలా మొలుస్తుందన్న అనుమానం కలుగుతుంది. చదునైన సున్నపురాయి లేదా డోలమైట్ పలక, దాని మీద అక్కడక్కడ బెత్తెడు లోతైనా లేని మట్టి. స్వీడన్‌లోని ఓలండ్ దీవిలో, ఎస్తోనియాలో, మహాసరస్సుల చుట్టూ కనిపించే ఇలాంటి నేలలను అల్వార్లు అంటారు. మంచు కరిగే కాలంలో నీళ్లు దిగడానికి దారి లేక అవి చిత్తడిగా మారతాయి. వేసవి వచ్చేసరికి అదే రాయి ఎండకు కాగిపోతుంది. నీటికీ ఎండకూ ఓర్చి నిలవగలిగినవే అక్కడ ఉంటాయి. పెద్ద చెట్లకు వేరు దిగే వీలుండదు. డైజీ మాత్రం తల్లివేరును రాతి పగుళ్లలోకి దించి పట్టు దొరకబుచ్చుకుంటుంది.

ఈ ఏర్పాటు వెనుక వేల ఏళ్ల చరిత్ర ఉంది. డైజీకి దగ్గర చుట్టాలన్నీ పశ్చిమాన, రాకీ పర్వతాల పక్క పొడి మైదానాల్లో ఉన్నాయి. దాదాపు పది వేల ఏళ్ల కిందట మహాసరస్సుల ప్రాంతం నుంచి హిమఫలకాలు వెనక్కు తగ్గాయి. ఆ తర్వాత వాతావరణం వేడెక్కి, పొడిబారిన దశలో మైదానాల జాతులు తూర్పుకు విస్తరించాయి. మళ్లీ తేమ పెరిగి అడవి కమ్ముకొచ్చేసరికి వెలుతురు కావాల్సిన మొక్కలకు చోటు కరువైంది. చెట్టు నిలవలేని రాతి నేలల్లో మాత్రం అవి తలదాచుకున్నాయి. శాస్త్రజ్ఞులు ఎక్కువగా మొగ్గు చూపే వివరణ ఇదే.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఈ పువ్వుకు రాయి మీద మోజేమీ లేదు. దానికి కావాల్సింది నీడ పడని చోటు. ఎండను, వరదను, మంచును తట్టుకోగలదు కానీ పక్కన ఎదిగే పొదను తట్టుకోలేదు. ఈ బలహీనతే దాని పరిరక్షణకు కీలకం. చెట్లు పెంచడమే పర్యావరణ సేవ అనుకునే ఆలోచనకు ఇక్కడ ఎదురుదెబ్బ తగులుతుంది.

కుదరని సంబంధం

ఇల్లినాయ్‌లో గింజ ఎందుకు కట్టలేదన్న చిక్కుముడిని మార్సెల్లా డిమారో అనే పరిశోధకురాలు విప్పారు. ఆమె అధ్యయనం 1993లో 'కన్సర్వేషన్ బయాలజీ' పత్రికలో వెలువడింది. లేక్‌సైడ్ డైజీ తన పుప్పొడితో తాను ఫలదీకరణ చెందదు. అంతటితో ఆగదు. తనతో ఒకే జన్యు వర్గానికి చెందిన మరో మొక్క పుప్పొడిని కూడా తిప్పికొడుతుంది. మన పెళ్లి సంబంధాల్లో సగోత్రం అనగానే మాటలు ఆగిపోయినట్టే, పుప్పొడి వచ్చి పడ్డా కీలాగ్రం దాన్ని ఒప్పుకోదు. దగ్గరి రక్తంలో సంతానం పుట్టకుండా కాపాడే పద్ధతి ఇది. వేల మొక్కలున్న చోట వర్గాలు బోలెడు ఉంటాయి కాబట్టి ఇబ్బంది రాదు. సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో వర్గమే రాలిపోతూ వస్తుంది. ఇల్లినాయ్‌లో చివరికి మిగిలిన మొక్కలన్నీ ఒకే వర్గానివి. తేనెటీగలు ఎంత తిరిగినా ప్రయోజనం లేనిది అందుకే.

అక్కడికి వచ్చిన దారి మామూలుదే. ఆ రాష్ట్రంలో ఈ పువ్వు విల్, టాజ్‌వెల్ కౌంటీల్లో ఉండేది. టాజ్‌వెల్‌లో ముందే పోయింది. విల్ కౌంటీలో చివరి సహజ స్థావరం 1980ల మొదట్లో కనుమరుగైంది. అంతకుముందే తవ్వి తెచ్చి పెంచిన కొన్ని మొక్కలు మాత్రం దక్కాయి. పద్ధతి ప్రకారం చూస్తే జాతిని కాపాడినట్టే లెక్క. కాపాడిన మొక్కలు మాత్రం తర్వాతి తరాన్ని ఇవ్వలేని స్థితిలో ఉన్నాయి.

పరిష్కారం ఒహాయో నుంచి వచ్చింది. అక్కడి మొక్కల పుప్పొడితో కలపగానే ఇల్లినాయ్ మొక్కలు గింజ కట్టాయి. ఆ సంతతిని 1988 నుంచి ఇల్లినాయ్‌లోని అనువైన తావుల్లో నాటారు. ఇక్కడ ఒక ధర్మసందేహం తలెత్తక మానదు. రెండు రాష్ట్రాల మొక్కలు కలిస్తే అచ్చమైన ఇల్లినాయ్ రకం పోయినట్టు కాదా? నిజమే, పోయినట్టే. అయితే దాన్ని స్వచ్ఛంగా ఉంచాలనుకుంటే దక్కేది కొన్నేళ్లు పూచి రాలిపోయే గొడ్డు మొక్కలే. స్వచ్ఛతను వదులుకుని వంశాన్ని ఎంచుకున్నారు. సరైన నిర్ణయం. కొత్తగా నాటేటప్పుడు కూడా 'ఎన్ని మొక్కలు' అన్నదానితో పాటు 'ఎన్ని వర్గాల మొక్కలు' అన్నది చూడాలన్న పాఠం అక్కడ స్థిరపడింది.

క్వారీ మింగింది, క్వారీయే చోటిచ్చింది

ఒహాయో కథ ఇంకో రకం. మార్బుల్‌హెడ్ సున్నపురాయికి ప్రసిద్ధి. 1821లో కట్టడం మొదలై, మహాసరస్సుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలంగా పనిచేస్తున్న దీపస్తంభం ఆ రాతితోనే నిలిచింది. పందొమ్మిదో శతాబ్దం నుంచి అక్కడ రాతి తవ్వకం సాగుతూనే ఉంది. డైజీ నివాసంలో పెద్ద భాగం ఆ తవ్వకాలకు బలైంది. విచిత్రమేమిటంటే, తవ్వి వదిలేసిన క్వారీ అడుగు పలకల మీదికి డైజీయే తిరిగి వచ్చింది. మట్టి లేని, చెట్టు లేని, ఎండ నేరుగా పడే రాతి నేల. దానికి అచ్చంగా కావాల్సింది అదే. 1988లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన 19 ఎకరాల లేక్‌సైడ్ డైజీ సంరక్షణ స్థలం కూడా పాత క్వారీ భూమే. మే నెల మొదటి రెండు వారాల్లో వెళ్తే ఆ రాతి నేలంతా పసుపు పరిచినట్టుంటుంది.

దీన్ని పట్టుకుని 'తవ్వకాలు ప్రకృతికి మేలే చేస్తాయి' అని వాదించే వాళ్లకు కొదవ ఉండదు. ఆ వాదన సగం దగ్గరే ఆగిపోతుంది. ఖాళీ పలక మీదికి డైజీ వచ్చిందంటే, ఆ పలక అంచున తవ్వకం తాకని చోట తల్లి మొక్కలు తగినన్ని వర్గాలతో మిగిలి ఉన్నాయి కాబట్టి. ఈ మొక్క గింజలు గాలికి కొట్టుకుపోయి మైళ్ల దూరాన మొలిచే రకం కాదు. అంచులు కూడా తవ్వేసి ఉంటే క్వారీ అడుగు బోసిగానే ఉండేది. తవ్వకం చోటు చూపగలదు, గింజను పుట్టించలేదు.

రెండో సగం ఇంకా ముఖ్యం. సంరక్షణ స్థలం అని బోర్డు పెట్టి, కంచె వేసి, చేతులు ముడుచుకుని కూర్చుంటే డైజీ బతకదు. పాత క్వారీ పగుళ్లలో ఏటా కాస్త మట్టి చేరుతుంది. ఆ మట్టిలో ఎర్ర దేవదారులు, ఇతర పొదలు వేళ్లూనతాయి. పదీ ఇరవై ఏళ్లలో నీడ కమ్ముకుంటుంది, డైజీ తప్పుకుంటుంది. అందుకే అక్కడి సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు చెట్లు నరికి, పొదలు పీకి నేలను తెరిచి ఉంచుతున్నారు. మానిటూలిన్, బ్రూస్ ప్రాంతాల్లో పెద్ద విస్తీర్ణంలో అల్వార్లు మిగిలి ఉన్నందువల్ల ఈ పని ప్రకృతే చాలావరకు చేసుకుంటోంది. పంతొమ్మిది ఎకరాల ముక్కలో ఆ పని మనిషి నెత్తిన పడుతుంది. తావు ఎంత చిన్నదైతే దాన్ని నిలబెట్టే చాకిరీ అంత పెద్దది.

చట్టం చేయి ఎంత దూరం

అమెరికా కేంద్ర ప్రభుత్వం 1988లో లేక్‌సైడ్ డైజీని ముప్పున్న జాతిగా ప్రకటించింది. 1990లో పునరుద్ధరణ ప్రణాళిక తయారైంది. వినడానికి గట్టి రక్షణే. అయితే ఆ దేశపు అంతరించిపోతున్న జాతుల చట్టం జంతువుకూ మొక్కకూ సమానంగా వర్తించదు. జంతువును ప్రైవేటు భూమిలో చంపినా నేరమే. మొక్క సంగతి అలా కాదు. కేంద్ర ప్రభుత్వ భూముల్లో దాన్ని పీకడం, ధ్వంసం చేయడం నిషేధం. ప్రైవేటు భూమిలో మాత్రం రాష్ట్ర చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప కేంద్ర చట్టం యజమాని చేయి పట్టుకోలేదు. భూమి ఎవరిదైతే దాని మీద మొలిచింది కూడా వాళ్లదేనన్న పాత ఆస్తి భావన చట్టంలోకీ వచ్చి చేరింది. మార్బుల్‌హెడ్‌లో ఈ పువ్వు ఎక్కువగా ఉన్నది పనిచేస్తున్న క్వారీ భూమిలో. అంటే జాతీయ జాబితాలో చోటు దక్కినా దాని భవితవ్యం ఆ యాజమాన్యపు మంచితనం మీద, ప్రభుత్వం భూమి కొనడం మీద ఆధారపడింది. అక్కడ ఫలితం వచ్చింది కూడా నిషేధాల వల్ల కాదు. భూమి కొనడం, పక్కనున్న కెలీస్ దీవిలోని పాత క్వారీలో మొక్కలు నాటి రెండో స్థావరం ఏర్పరచడం వంటి పనుల వల్ల వచ్చింది.

కెనడా దారి వేరు. అక్కడి నిపుణుల సంఘం 2002లో ఈ మొక్కను ముప్పున్న జాతిగా గుర్తించి, 2010లో ప్రత్యేక శ్రద్ధ అవసరమైన జాతి స్థాయికి తగ్గించింది. దీన్ని విజయంగా చాటుకోవడం తేలికే. అయితే మహాసరస్సుల ఒడ్డున వేసవి ఇళ్లు, రోడ్లు, కంకర క్వారీలు, రాతి పలకల మీద దౌడు తీసే నాలుగు చక్రాల బండ్లు అన్నీ అలాగే ఉన్నాయి. ప్రపంచంలోని మొక్కల్లో సింహభాగం రెండు మూడు ప్రాంతాల్లోనే ఉన్నప్పుడు, అక్కడ జరిగే ఏ పొరపాటైనా ఆ జాతి మొత్తానికి జరిగినట్టే. జాబితాలో మెట్టు దిగడం వల్ల నిఘా కూడా ఒక మెట్టు దిగకూడదు.

మన గుట్టల మాటేమిటి?

ఇదంతా మనకు అద్దం పట్టే విషయమే. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 1991 సవరణతో మొక్కల రక్షణ వచ్చింది. దాని 17ఎ సెక్షన్ నిర్దేశిత మొక్కలను పీకడం, ధ్వంసం చేయడం నిషేధిస్తుంది. ఎక్కడ? అటవీ భూమిలో, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రాంతంలో. పట్టా భూమిలోనో, గ్రామ పోరంబోకులోనో పెరిగే మొక్కకు ఆ నోటిఫికేషన్ లేకుంటే ఈ రక్షణ అందదు. అమెరికా చట్టంలో ఉన్న కంతే మన చట్టంలోనూ ఉంది.

తొలినాటి నుంచీ ఆ జాబితాలో ఉన్న మొక్కల్లో ఒకటి అచ్చంగా మనది. శేషాచలం, కడప ప్రాంతపు కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా కనిపించని సైకస్ బెడ్డోమీ. 2022 సవరణ తర్వాత అది మూడో షెడ్యూల్లో ఉంది. అంతర్జాతీయ వాణిజ్యంపై అత్యంత కఠినమైన ఆంక్షలూ దానికి వర్తిస్తాయి. ఈ మొక్కల్లో ఆడ, మగ వేర్వేరు. మందుల కోసం కోసుకుపోయేది ఎక్కువగా మగ శంకువులనే, అదీ పుప్పొడి రాలకముందే. కొండ మీద లెక్కపెడితే మొక్కలు నిక్షేపంగా కనబడతాయి. ఆడ మొక్కకు పుప్పొడి అందకపోతే ఆ సంఖ్యకు అర్థం ఏమిటి? ఇల్లినాయ్ పువ్వు అడిగిన ప్రశ్నే ఇక్కడా ఎదురవుతోంది. కారణం వేరు, ఫలితం ఒకటే.

ఇక రాతి నేలల సంగతి. తెలంగాణ గ్రానైట్ గుట్టల మీద, రాయలసీమ రాతి పలకల మీద వానాకాలంలో నిలిచే చిన్న చిన్న నీటి మడుగుల చుట్టూ ఒక ప్రపంచం పుట్టుకొస్తుంది. పురుగులను పట్టుకు తినే డ్రాసెరా, యుట్రిక్యులేరియా వంటి వేలెడంత మొక్కలు వానలతో మొలిచి, పూచి, గింజ రాల్చి, వానలు పోగానే మాయమవుతాయి. మిగతా కాలమంతా అక్కడ ఉన్నది ఉత్త బండే. మన గనుల పర్యావరణ అనుమతులకు సాధారణంగా అడిగే ప్రాథమిక సర్వే మాత్రం ఒక రుతువుది, అందులోనూ వానాకాలం కానిది. గాలి నాణ్యత కొలవడానికి ఆ ఏర్పాటు అర్థవంతమే. వానకు మాత్రమే తలెత్తే మొక్కలను ఎండాకాలంలో వెతికి, 'ఇక్కడ అరుదైన జాతులేవీ లేవు' అని రాస్తే అది సర్వే అనిపించుకోదు. పలనాడు, తాండూరు, బేతంచెర్ల వంటి సున్నపురాయి ప్రాంతాల్లో తవ్వకాలు ఎంత విస్తృతంగా ఉన్నాయో తెలిసిందే. అక్కడి రాతి నేలల మీద ఏముందో వానల్లో చూడకుండా ఏం పోయిందో ఎప్పటికీ చెప్పలేం.

భూమి లెక్కల్లోనూ ఇదే చిన్నచూపు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో కేంద్రం రూపొందించే బంజరు భూముల అట్లాస్‌లో రాతి నేలలు ఒక ప్రత్యేక తరగతి. బంజరు అని ముద్ర పడ్డాక ఆ నేలకు రెండే భవిష్యత్తులు మిగులుతాయి. ఒకటి క్వారీ, రెండోది మొక్కలు నాటే పథకం. తెరిచి ఉన్న రాతి నేల మీదే బతికే జాతులకు రెండూ చేటే. మంచి ఉద్దేశంతో గుంత తవ్వి మట్టి నింపి వేపో కానుగో నాటిన చోట వానాకాలపు చిన్న మొక్కలకు చోటు ఉండదు.

చేయాల్సిన పనులు

వీటికి మందు లేకపోలేదు. కొత్త చట్టం కోసం ఎదురు చూడాల్సిన అవసరం కూడా లేదు.

రాతి నేలల్లో గనులకు, నిర్మాణాలకు అనుమతి అడిగే ప్రాజెక్టులకు వృక్షజాతుల సర్వేను వానాకాలంలో తప్పనిసరి చేయాలి. మిగతా అంశాలకు ఇప్పుడున్న రుతువే ఉండొచ్చు. మొక్కలకు మాత్రం జులై నుంచి అక్టోబరు లోపు ఒక సర్వే అదనంగా కావాలి. దానికయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టు వ్యయంలో లెక్కలోకి రానంత.

గని మూసివేత ప్రణాళికల తీరు మారాలి. తవ్వకం ముగిసిన చోట నేలను గడ్డి, పశుగ్రాసం పెరిగేలా పునరుద్ధరించాలన్న షరతు చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అన్ని గనులకూ చెట్ల పెంపకమే విరుగుడు అన్న ధోరణి నుంచి అది ఒక అడుగు ముందుకు. ఇంకో అడుగు వేయాలి. రాతి నేలల్లో తవ్వే చోట అంచు వెంబడి కొంత భాగాన్ని తాకకుండా వదలాలి. మార్బుల్‌హెడ్ చెప్పింది అదే. తల్లి మొక్కలు పక్కనుంటేనే ఖాళీ పలక తిరిగి పూస్తుంది.

అటవీ భూమి బయట ఉన్న అరుదైన మొక్కలకు జీవవైవిధ్య చట్టం ఒక దారి చూపిస్తోంది. ఆ చట్టం కింద రాష్ట్రాలు వారసత్వ స్థలాలను ప్రకటించవచ్చు. హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ హోదా దక్కింది. పక్షులున్న చెరువుకు దక్కిన హోదా మొక్కలున్న గుట్టకు దక్కకూడదన్న నియమం ఎక్కడా లేదు. అయితే ఒహాయో అనుభవం ప్రకారం హోదా మొదటి మెట్టు మాత్రమే. ప్రకటించిన రోజునే ఆ తావును ఎవరు చూసుకుంటారు, ఏటా ఏ పొదలు తీస్తారు, ఏ బడ్జెట్ నుంచి తీస్తారు అన్నది కూడా రాసుకోవాలి. గ్రామ జీవవైవిధ్య కమిటీలను కాగితాల మీద నుంచి ఇలాంటి పనుల్లోకి దించవచ్చు.

విత్తన బ్యాంకులు, నర్సరీలు కూడా పద్ధతి మార్చుకోవాలి. అరుదైన మొక్క దొరికిందన్న సంతోషంతో ఒకే చెట్టు నుంచి సంచీ నిండా గింజలు తెచ్చి వేలకు వేలు మొలకెత్తించడం పరిరక్షణ కాదు. వేర్వేరు తావుల్లో, వీలైనన్ని వేర్వేరు మొక్కల నుంచి కొద్దికొద్దిగా తేవాలి. వాటి ఊరూ పేరూ రాసిపెట్టాలి. లేదంటే మనం నాటేది ఇల్లినాయ్ మొక్కల్లాంటి సగోత్రీకుల తోట అవుతుంది.

అన్నిటికంటే ముందుగా మారాల్సింది లెక్క రాసే కాగితం. అటవీ శాఖ, జీవవైవిధ్య మండలి, పర్యావరణ సలహా సంస్థ ఎవరు సర్వే చేసినా ఇప్పుడు ఒకే గడి నింపుతున్నారు: మొక్కలు ఎన్ని? దాని పక్కన ఇంకో మూడు గడులు చేర్చాలి. పోయిన ఏడు గింజ కట్టినవి ఎన్ని? ఈ ఏడు కొత్తగా మొలిచినవి ఎన్ని? ఆడ, మగ, వర్గాల పొత్తు ఎలా ఉంది? ఇవి నింపడానికి ఉపగ్రహాలు అక్కర్లేదు. నేల మీద వంగి చూసే ఓపిక, రెండు మూడేళ్లు వరుసగా అక్కడికే వెళ్లే నిబద్ధత చాలు. ఆ మూడు గడులూ ఖాళీగా ఉన్న నివేదికను ఆధారం చేసుకుని ఒక జాతి క్షేమంగా ఉందని గానీ, ఒక గుట్టను తవ్వుకోవచ్చని గానీ ఏ అధికారీ సంతకం పెట్టకూడదు.